తరవాణి యాస

"మోక్షిత గారూ, మీ నాలుక నిర్మలం. మీ ఇంటి యాస తప్ప మరో యాస వినిపించడం లేదు," అంది నాలుకద్దం.

మోక్షిత నాలుక లోపలికి తీసుకుని, క్లాసులో ఫస్టు వచ్చిన పిల్లలా కొంగు సర్దుకుంది. రోజూ ఇదే మాట, రోజూ ఇదే సంబరం. ఆ అంతస్తులో ఇంకెవరి నాలుకా వరసగా రెండు రోజులు నిర్మలం అనిపించుకోలేదని ఆవిడకు తెలుసు. తెలియకపోతే అడిగి మరీ తెలుసుకునేది.

డెబ్భై దాటిన ఆవిడకు మోక్షిత అనే పేరేమిటని ఆశ్చర్యపోనక్కరలేదు. ఆ రోజుల్లో ముసలివాళ్ళ పేర్లన్నీ మోక్షితలూ, జశ్విన్‌లూ, లాస్యలూనే. అవి వినగానే కుర్రకారు ముసిముసిగా నవ్వుకునేవారు. వాళ్ళవేమో త్రిమూర్తులు, చిట్టెమ్మ, అప్పలస్వామి లాంటి కొత్త ఫ్యాషను పేర్లు.

నాలుకద్దం ప్రతి ఇంట్లోనూ వాష్‌బేసిన్ పైన ఉండేది. అరచేతి వెడల్పు గాజుబిళ్ళ. పొద్దున్నే పళ్ళు తోముకుని దానికి ఒకసారి నాలుక ఆనిస్తే, నోట్లో కాపురముంటున్న శిలీంధ్రాలు తమలో తాము ఏం చెప్పుకుంటున్నాయో అది వినేది. శిలీంధ్రాలంటే ఎవరో కాదు, రొట్టె మీద బూజు, పులిసిన పిండిలో ఈస్టు, ఆ జాతంతాను. వాటికి నోళ్ళు లేవు. వాసనల్లాంటి సన్నటి రసాయనాలు వదులుతూ మాట్లాడుకుంటాయి. ఒక్కో ఇంట్లో ఒక్కో యాస. ఒక పొయ్యి మీద వండుకు తినేవాళ్ళందరి నాలుకల మీదా ఒకే యాస పలుకుతుంది.

వాటి మీద ఇంత నిఘా ఎందుకంటే, భూమి వేడెక్కి వేడెక్కి అవి మనిషి ఒంటి వేడికి అలవాటు పడిపోయాయి. పాత మందులు వాటికి పానకంలా అయిపోయాయి. పైగా అందరి ఒంట్లోనూ ఏదో ఒక పెట్టుడు సరుకు. పెట్టుడు పళ్ళు, పెట్టుడు మోకాళ్ళు, పెట్టుడు గుండె కవాటాలు. అలాంటి సరుకు దొరికితే శిలీంధ్రాలకు పండగే. దాని మీద చేరి, చుట్టూ జిగురు పొర కట్టుకుని, ఇక ఎవరొచ్చి పొమ్మన్నా పోవు. ఒకప్పుడు ఆ పొరలు ఎంతోమంది ప్రాణాలు తీశాయి. ఇప్పుడు నాలుకద్దం ఉంది కాబట్టి జనం ధైర్యంగా బతుకుతున్నారు.

మోక్షిత మరీ ధైర్యంగా బతుకుతోంది. ఆవిడ వంటింట్లో పులిసింది అన్నది కనబడదు. పెరుగు కూడా కంపెనీ పెరుగే. మట్టిపాత్ర గడప దాటి లోపలికి రాదు. భర్త జశ్విన్‌కి గుండెలో పెట్టుడు కవాటం ఉందాయె.

"ఏవండీ, మీరింకా నాలుక పెట్టలేదు," అని కేకేసింది.

ఇదీ విచిత్రమే. రోజూ ఆవిడ లేవకముందే ఆయన ఉప్పునీళ్ళు పుక్కిలించేసి, నాలుక ఆనించేసి, ముందుగదిలో బుద్ధిగా కూర్చునేవాడు. ఆవిడ బియ్యం కడిగిన నీళ్ళు స్టీలు క్యానులో పోసి ఇస్తే, "డాబా మీద కరివేపాకు మొక్కకి పోసి, అలా నడిచొస్తా," అని బయల్దేరేవాడు. నిన్నా మొన్నా ఒళ్ళు నొప్పులంటూ గడప దాటలేదు. ఇవాళ ఇంకా దుప్పట్లోనే ఉన్నాడు.

"తర్వాత పెడతాలే, మోక్షీ."

"తర్వాతేంటి తర్వాత! లేవండి." చెయ్యి పట్టుకుంటే పెనంలా కాలిపోతోంది. ఎలాగో నడిపించుకొచ్చి అద్దం ముందు నిలబెట్టింది.

అద్దం కాసేపు పలకలేదు. అది పలకకపోవడం ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

"జశ్విన్ గారూ, మీకు జ్వరం ఉంది. మీ నాలుక మీద మీ ఇంటిది కాని యాస ఉంది. పడవను పిలిచాను."

సముద్రం ఊళ్ళోకొచ్చి కూర్చున్నప్పటి నుంచీ కాకినాడలో బస్సుల పని పడవలే చేస్తున్నాయి. వైద్యపడవ అయిదో నిమిషానికల్లా మెట్ల దగ్గరకొచ్చి ఆగింది. పడవలో ఉన్నంతసేపూ ఆవిడ భర్త చెయ్యి వదల్లేదు. "మీ ఇంటిది కాని యాస" అన్న మాట మాత్రం చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

*

డాక్టర్ త్రిమూర్తులు పొరవైద్యుడు. ముప్పై ఏళ్ళైనా నిండని కుర్రాడు, ముఖాన ఎప్పుడూ నవ్వు. ఆ రోజు మధ్యాహ్నానికి మాత్రం నవ్వు తగ్గింది. జశ్విన్ రక్తం చుక్క తీసి పొరచెవిలో వేశాడు. నాలుకద్దానికి పెద్దన్న లాంటి యంత్రం అది. చాలాసేపు విన్నాక వరండాలోకి వచ్చి, మోక్షిత పక్కన కూర్చున్నాడు.

"మామ్మగారూ, తాతగారి కవాటం మీద పొర కట్టిందండి. చిగుళ్ళలో ఎక్కడో చిన్న గాటు పడి, అందులోంచి శిలీంధ్రం రక్తంలోకి పోయి ఉంటుంది."

"తీసెయ్యండి మరి."

"గోకితే పోయేది కాదండి. పెళ్ళికి జనం వచ్చినట్టనుకోండి. ఒకళ్ళొస్తారు, ఇద్దరొస్తారు, ఏ గొడవా లేదు. తగినంత మంది పోగయ్యాక, 'ఇంతమందిమి ఉన్నాం కదా, పందిరేసేద్దాం' అని మాట్లాడుకుంటారు. ఆ పందిరే ఈ పొర. మందు పోస్తే పందిరి మీదే ఆగిపోద్దండి. గబుక్కున పీకితే అందరూ రక్తంలోకి ఎగబడతారు. అది ఇంకా ప్రమాదం. అందుకని మేం పీకం. భోజనాలైపోయాయి, ఇక మెల్లిగా లేవండి బాబూ అని వాటి భాషలోనే చెప్తాం. దాన్నే మాటమందు అంటాం. పదీ పరకా లేచి వెళ్తుంటే బయట మామూలు మందు చూసుకుంటుందండి."

"అయితే చెప్పండి నాయనా. ఆలస్యం దేనికి?"

త్రిమూర్తులు మెడ వెనక గోక్కున్నాడు. "పొద్దున చెప్పామండి, అందరికీ పనికొచ్చే మాటమందుతో. వాటి యాస కాదని పట్టేశాయి. పరాయివాళ్ళెవరో వచ్చారని పందిరి ఇంకా బిగించుకున్నాయి. మళ్ళీ తప్పు యాసలో చెప్తే కవాటం మూసుకుపోద్దండి. సరైన యాస కావాలి. అది కావాలంటే ఈ శిలీంధ్రం ఎక్కడ పుట్టి పెరిగిందో తెలియాలి."

"ఎంత వ్యవధి ఉంది?"

"ఎక్కువ లేదండి," అన్నాడతను. అంతకంటే వివరం ఆవిడ అడగలేదు.

"మీ ఇంట్లో బూజు ఎక్కడైనా ఉందా అండి?"

అంత బాధలోనూ మోక్షితకు రోషం వచ్చింది. "బూజా! మా ఇంట్లోనా! సాలీడు మా గుమ్మం దాకా వచ్చి భయపడి వెనక్కి పోతుంది. నెలనెలా నేనే కర్ర పుచ్చుకుని దులుపుతాను."

"ఆయ్, ఆ బూజు కాదండి. తినేవాటి మీద పట్టే బూజు."

"అది అసలే లేదు."

"ఇందులో మీ ఇంటి పోలిక కొంత ఉందండి. అది మామూలే, మీ చేతి వంట తింటారు కదా. మిగతాదే అంతు చిక్కట్లేదు. మట్టిపాత్రలో, బియ్యపు నీళ్ళ మీద, ఏళ్ళ తరబడి కదలకుండా పెరిగినట్టుంది. తాతగారు బయట ఎక్కడన్నా పుల్లటిది తింటారా?"

"ఆయన బయట మంచినీళ్ళు కూడా ముట్టరు. నాదీ పూచీ!"

ఇద్దరూ లోపలికెళ్ళి జశ్విన్‌నే అడిగారు. ఆయన కళ్ళు తెరిచి పైకప్పు కేసి చూశాడు.

"పులుపా? నేనా? అబ్బే... నాకెందుకు పులుపు..." అని నీళ్ళు నమిలాడు.

"ప్రాణం మీదకొచ్చిందండీ. దాచకండి," అంది మోక్షిత.

ఆయన ఆవిడ చేతిని గట్టిగా పట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా నోరు మెదపలేదు. త్రిమూర్తులు బయటికి వస్తూ నెమ్మదిగా అన్నాడు. "ఏదో దాస్తున్నారండి. దొరికిన మూలాన్ని కొలిమిలో కాల్చెయ్యాలని రూలు. దేన్నో కాల్చేస్తారని భయపడుతున్నట్టున్నారు."

*

మర్నాడు పొద్దున్న బట్టలు తెచ్చుకుందామని మోక్షిత ఇంటికి వచ్చింది. చేతులు ఊరుకోక అలవాటు కొద్దీ బియ్యం కడిగింది. నీళ్ళు క్యానులో పోసి "ఏవండీ" అని పిలిచి, పిలిచాక నాలుక కరుచుకుంది. ఆ క్యాను పట్టుకుని కాసేపు ఏడ్చింది. ఏడుపు తీరాక, పాపం కరివేపాకు మొక్క ఎండిపోతుందేమోనని జాలి కలిగింది. మోకాళ్ళ నొప్పులతో ఏళ్ళ తరబడి ఎక్కని డాబా మెట్లు ఒక్కొక్కటే ఎక్కింది.

మొక్క ఉంది. ఉందంటే ఉంది. పుల్లలా నిలబడి, నాలుగు రెబ్బలతో బిక్కుబిక్కుమంటూ చూస్తోంది. కుండీలో మట్టి బీటలు వారి, వేలు పెడితే గుచ్చుకుంటోంది. ఇన్నేళ్ళుగా రోజూ బియ్యం కడిగిన నీళ్ళు తాగుతున్న మొక్కలా ఏ కోశానా లేదు.

"మరి నీళ్ళన్నీ ఎక్కడికి పోతున్నాయి?" అని పైకే అనేసింది.

బియ్యపు నీళ్ళు. మట్టిపాత్ర. ఏళ్ళ తరబడి కదలకుండా. ఆవిడ కుండీ అంచు మీద అలాగే కూలబడిపోయింది.

తరవాణి!

తరవాణి అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు తెలియదు. బియ్యం కడిగిన నీళ్ళూ, గంజీ మట్టికుండలో పోసి పులవనిస్తారు. రోజూ కొంచెం తీసుకుని, తీసుకున్నంతా మళ్ళీ పోస్తారు. అందులో అన్నం నానబెట్టుకుని పొద్దున్నే ఉల్లిపాయతో తింటారు. కుండని ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చెయ్యరు, తోమరు. లోపలి గోడకు పట్టిన పొరే దాని ప్రాణం. మోక్షిత అత్తగారి దగ్గర అలాంటి కుండ ఉండేది. ఆవిడకు వాళ్ళ అత్తగారి నుంచి వచ్చింది. ఆ ఇంట్లో కోడలికి అందే ఆస్తి అదే.

అత్తగారు పోయాక, పెద్దకర్మ నాడు ఆ కుండని ఆడపడుచు లాస్య ఒళ్ళో పెట్టుకుని పడవెక్కింది. "అమ్మ నాకిచ్చింది," అంది. "కోడలికి చెందాల్సిన కుండ ఎత్తుకుపోతావా!" అని మోక్షిత బంధువులందరి ముందూ నిలదీసింది. లాస్య ఊరుకుందా? "నీ చేతిలో పడితే రెండో రోజే సబ్బేసి తోముతావు వదినా!" అనేసింది. నిజం కావడం వల్ల ఆ మాట మరీ గుచ్చుకుంది. "నీ గడప తొక్కితే ఒట్టు!" అంది మోక్షిత. ఆనాటి నుంచీ వదినామరదళ్ళు ఎదురుపడితే తలలు తిప్పుకునేవారు. నాలుకద్దం వచ్చాక మోక్షిత పులుపుకే ఆమడదూరం జరిగింది.

"ఎంత మోసం! ఎంత నాటకం! కరివేపాకు మొక్కట! అద్దానికి వినపడకుండా ఉప్పునీళ్ళ పుక్కిలింతట!" అని డాబా మీద నిలబడి ఒక్కతే తిట్టింది. తిట్టి తిట్టి, ఆసుపత్రిలో తన చెయ్యి పట్టుకున్న ఆయన వేడి చెయ్యి గుర్తొచ్చి నోరు మూసుకుంది. కొలిమిలో కాలిపోతుందని ఆయన దాస్తున్నది వాళ్ళమ్మ కుండని. దాన్ని ప్రాణానికి అడ్డం పెట్టుకుని పడుకున్నాడు పిచ్చి మనిషి.

క్యానులో నీళ్ళు కుండీలో సగం పోసింది. మిగతా సగం పట్టుకుని పడవెక్కింది.

*

లాస్య ఇల్లు ఉప్పుటేరు పక్కన, నీళ్ళకు ఎత్తుగా కట్టిన స్తంభాల మీద ఉంది. భర్త పోయాక ఒక్కతే ఉంటోంది. అరుగు నిండా ఊరమిరపకాయలు ఎండుతున్నాయి. మోక్షితకు వాటిని ఎక్కడో చూసినట్టనిపించింది. గుర్తు పట్టేలోపే తలుపు తెరుచుకుంది.

ఎదురుగా వదినను చూసి లాస్య ముఖం పాలిపోయింది. "వదినా! అన్నయ్యకేమైంది?"

"ఏమైందని నీకెలా తెలుసు?"

"నువ్వు మా ఇంటికొచ్చావంటే ఇంకేమనుకోమంటావు! మూడ్రోజులుగా రావట్లేదు, ఏంటా అని..." లాస్య చటుక్కున నోరు మూసుకుంది.

"అంటే రోజూ వస్తున్నాడన్నమాట."

లాస్య తల దించుకుంది. మోక్షిత గుమ్మం బయటే నిలబడి, ఊపిరి తిప్పుకోకుండా అంతా చెప్పేసింది. జ్వరం, కవాటం, పొర, యాస. చెబుతుండగానే లాస్య గుమ్మంలో చతికిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

"నేనే చంపేస్తున్నానా వదినా అన్నయ్యని? ఒక్క గ్లాసే ఇచ్చేదాన్ని. వద్దంటే వినేవాడు కాదు. 'అమ్మ చేతి పులుపు, ఇది తాగితేనే తెల్లారినట్టుంటుంది' అనేవాడు."

"ఏడవకు. చచ్చేవాడు కాదులే ఆయన, అంత తొందరగా నన్ను వదిలిపెడతాడా! ముందు కుండ ఇలా ఇవ్వు."

"అప్పుడూ ఇదే మాటన్నావు," అంది లాస్య ఏడుస్తూనే. ఆ మాటకు ఇద్దరికీ నవ్వొచ్చింది, పూర్తిగా రాకుండానే ఆగిపోయింది.

"కాల్చేస్తారు కదా వదినా దాన్ని?"

"ఏమో. ఆయన లేకుండా కుండ దేనికి చెప్పు?"

లాస్య లేచి లోపలికి నడిచింది. కుండ పెద్దది, నిండుగా ఉంది. ఒక్కతే ఎత్తలేక "వదినా, ఒక చెయ్యి వెయ్యవూ?" అని లోపల్నుంచి కేకేసింది.

మోక్షిత గడప కేసి చూసింది. పసుపు రాసిన గడప. "ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను," అని గొణుక్కుని, కుడికాలు ముందుపెట్టి దాటేసింది.

*

త్రిమూర్తులు చెంచా లాంటి పుల్లతో కుండ లోపలి గోడను సుతారంగా గీకాడు. తెల్లగా, మీగడలా కొంచెం పొర వచ్చింది. దాన్ని పొరచెవిలో వేసి కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. వదినామరదళ్ళిద్దరూ చెరోవైపు నిలబడి అతని ముఖంలోకే చూస్తున్నారు. మంచం మీద జశ్విన్ కళ్ళు మూసుకునే ఉన్నాడు. కుండ లోపలికి రావడం చూశాక ఆయన కళ్ళు తెరవడానికి భయపడుతున్నాడని మోక్షితకు అర్థమైపోయింది.

"దొరికిందండి!" అని త్రిమూర్తులు ఎగిరినంత పని చేశాడు. "అక్షరం పొల్లు పోలేదు. ఇదే యాస. సాయంత్రానికల్లా మాటమందు తయారైపోద్ది."

మోక్షిత రెండు చేతులూ జోడించి దేవుడికో, డాక్టరుకో, కుండకో తెలియకుండా దణ్ణం పెట్టింది.

"కానీ ఒక విచిత్రం అండి. నిన్న తాతగారి రక్తంలో మీ ఇంటి పోలిక చూసి, మీ వంట వల్ల అనుకున్నాను. కాదు. ఈ కుండలోనే సగం మీ ఇంటి యాస ఉంది. మీ చేతి యాస. ఈ కుండని ఎప్పుడైనా ముట్టుకున్నారా?"

"నేనా? మా అత్తగారు పోయాక కంటితో కూడా చూడలేదు."

"ఉండదేంటండీ సగం," అంది లాస్య. "రోజూ పోసేది వదిన కడిగిన నీళ్ళే కదా. అన్నయ్య మొదటి రోజే చెప్పాడు. 'మీ వదిన పంపింది. కుండ నీ దగ్గరున్నా నీళ్ళు కోడలివే పడాలంది. మాట్లాడటానికి మొహం చెల్లక నా చేత పంపుతోంది' అని. ఒక్కరోజూ మానకుండా పంపావు వదినా. నీళ్ళ క్యాను చూసినప్పుడల్లా, వదినకి నా మీద కోపం లేదనుకునేదాన్ని. ఆ ధైర్యంతోనే ఒక్కదాన్నీ ఆ ఇంట్లో ఉండగలిగాను. నేనూ ఊరమిరపకాయలు పంపేదాన్నిగా, నచ్చాయా?"

మార్కెట్లో కొన్నానని ఆయన తెచ్చే ఊరమిరపకాయలు! ఎర్రగా వేయించుకుని, ఇంత బాగా ఎవరు చేస్తున్నారో చల్లగా ఉండాలి అని ఎన్నిసార్లు మెచ్చుకుందో! మోక్షిత మంచం కేసి చూసింది. జశ్విన్ కనురెప్పలు టపటపా కొట్టుకున్నాయి. తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయి నిద్ర నటిస్తున్నాడు.

నేనేమీ పంపలేదు, అంతా ఆయన కట్టుకథ అనబోయింది. నిజం అది. ఇన్నేళ్ళూ లాస్యను తలుచుకుని పళ్ళు నూరిందే తప్ప, ఒక్కనాడూ మంచిగా తలచుకోలేదు. ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చి సిగ్గనిపించింది. ఎదురుగా లాస్య ముఖం చూసింది. జుట్టు ముగ్గుబుట్టైపోయింది. బుగ్గల మీద తడి ఇంకా ఆరలేదు. ఆ కళ్ళలో అనుమానమన్నది లేదు.

"పంపక ఏం చేస్తాను మరి?" అంది మోక్షిత. "కుండని ఎండగట్టమంటావా?"

మంచం మీద నుంచి పెద్ద నిట్టూర్పు వినిపించింది. నిద్రపోతున్న మనిషిది కాదది.

*

మాటమందు పని చేసింది. కవాటం మీద పెళ్ళివారు మెల్లమెల్లగా లేచి వెళ్ళిపోయారు. జ్వరం దిగిన పొద్దున్న జశ్విన్ కళ్ళు తెరిచేసరికి, పక్కనే భార్య, కాళ్ళ దగ్గర చెల్లెలు. ఎవరి ముఖం చూడాలో తెలియక మళ్ళీ కళ్ళు మూసుకోబోయాడు.

"చాల్లెండి మీ నాటకాలు," అంది మోక్షిత. "కరివేపాకు మొక్క మిమ్మల్ని అడిగానని చెప్పమంది."

చిక్కల్లా కుండ దగ్గరొచ్చింది. త్రిమూర్తులు మొహమాటపడుతూ రూలు చెప్పాడు. ఒక ఇంటి పులుపు ఇంకో ఇంటి మనిషి ఒంట్లోకెళ్ళి రోగమైతే, ఆ కుండ కొలిమికి పోవాల్సిందే. ఒకే ఇంటివాళ్ళు తాగే కుండైతే పేచీ లేదు. అది ఆ ఇంటి యాస కిందకే వస్తుంది. "కానీ మీరు రెండిళ్ళవాళ్ళు కదండి. ఒకే ఇల్లని నోటితో చెప్తే కుదరదు. నాలుకద్దం ఒప్పుకోవాలి. ఇంట్లో అందరి నాలుక మీదా ఆ యాస పలకాలి. తాతగారు మాత్రం ఇక మీదట కాచి చల్లార్చిందే తాగాలండి, పచ్చిది ముట్టకూడదు."

లాస్య కుండని ఒళ్ళోకి లాక్కుంది. మోక్షిత కొంచెంసేపు ఆలోచించింది. రోజూ పొద్దున్నే విని మురిసిపోయే మాట ఒకటి గుర్తొచ్చింది. అది ఇక వినబడదన్న సంగతీ గుర్తొచ్చింది.

"లేవవే లాస్యా. నీ బట్టలు సర్దుకుందువుగాని," అంది.

అలా లాస్య, దాని వెంట కుండ, కుండ వెంట ఎండీ ఎండని ఊరమిరపకాయలూ ఆ ఇంటికి వచ్చాయి. వచ్చిన సాయంత్రమే ఉప్పు దగ్గర ఒకసారి, కుండ ఎక్కడ పెట్టాలన్న దగ్గర ఇంకోసారి పోట్లాడుకున్నారు. జశ్విన్ రెండుసార్లూ బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డాడు. ఆ వారంలో ఆయన అంత హాయిగా ఉన్నది అప్పుడే.

మర్నాడు పొద్దున్నే మోక్షిత గ్లాసుడు తరవాణి చేతిలోకి తీసుకుని, ముక్కు మూసుకుని, గటగటా తాగేసింది. పులుపు నషాళానికంటింది. కళ్ళు గట్టిగా మూసుకుంటే అత్తగారి వంటిల్లు కనిపించింది, పొయ్యి దగ్గర ఆవిడ, చేట ముందు కొత్త కోడలుగా తను. ఇన్నాళ్ళూ దీన్ని వద్దనుకున్నానా అని మనసు చివుక్కుమంది. ఇంకో అరగ్లాసు పోసుకుంది.

"వదినా! కుండకి సబ్బు పెట్టలేదు కదా?" అని లాస్య గదిలోంచి కంగారుగా అరిచింది.

"పెట్టలేదులేవే తల్లీ!"

ముగ్గురూ వాష్‌బేసిన్ దగ్గర వరసగా నిలబడ్డారు. ముందు లాస్య నాలుక ఆనించింది. తర్వాత జశ్విన్. "మీ సంగతి అద్దం చెప్పక్కర్లేదు. గుండెల్లోనే పెట్టుకు తిరిగారుగా," అంది మోక్షిత, తన వంతు తీసుకుంటూ.

అద్దం చాలాసేపు పలకలేదు. రోగాలను పట్టడానికి దాన్ని తయారుచేసినవాళ్ళు, ఒకనాడు దాని ముందు మనుషులు నిలబడి మాది ఒక ఇల్లేనని సాక్ష్యం చెప్పమంటారని అనుకుని ఉండరు.

"మోక్షిత గారూ, మీ నాలుక మీద మీ ఇంటిది కాని యాస వినిపిస్తోంది."

"మా ఇంటిదే. సరిగ్గా విను."

"మీ ఇంట్లో ఇద్దరే కదా?"

"ముగ్గురం."

లాస్య వదిన చెయ్యి పట్టుకుంది. ఎవరి చెయ్యి చెమటగా ఉందో తెలియలేదు.

"ముగ్గురి నాలుకల మీదా ఒకే యాస ఉంది," అంది అద్దం చివరికి. "సరే. ఇవాళ్టి నుంచి మీ ఇంటి యాస మారిందని గుర్తుంచుకుంటాను."

"మారడమేంటి," అంది మోక్షిత, తడిసిన కళ్ళు కొంగుతో తుడుచుకుని. "ముందు నుంచీ ఇదే. నీకే వినపడలేదు."